ఓపెన్ సోర్స్ ప్రోగ్రాముకు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ డాక్యుమెంటేషన్: ఏ ఫార్మాటు, ఏ పనిముట్లు?

అక్షరకూలీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. అను అనే పేరున్న, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లలో కంపోజు చేసిన పాత ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చే ఒక చిన్న ప్రోగ్రామును నేనూ మరో నలుగురు మిత్రులూ కలిసి నిర్వహిస్తున్నాము. పైథాన్‌లో రాసినది. కమాండ్ లైను నుంచి నేరుగా నడపవచ్చు, వేరే ప్రోగ్రాములోకి లైబ్రరీగా కూడా తీసుకోవచ్చు. కోడు సంగతి ఎలా ఉన్నా డాక్యుమెంటేషన్ మాత్రం మా చేయి దాటిపోయింది. రీడ్‌మీ ఫైలు ఒక్కటే 1,400 వరుసలు దాటింది. ఇన్‌స్టాల్ చేసే విధానం రీడ్‌మీలో ఒక రకంగా, వికీలో మరో రకంగా ఉంది. రెండూ తప్పేనని గత నెలలో ఒక వాడుకరి ఎంతో ఓపికగా నిరూపించారు.

మా పాఠకులు రెండు రకాల వారు. మొదటివారు ప్రింటింగ్ ప్రెస్సుల్లో డీటీపీ పని చేసేవారు. వీరికి విండోస్, పేజ్‌మేకర్ కొట్టిన పిండి, కమాండ్ కిటికీ మాత్రం కొత్త. తెలుగులో ఉంటేనే చదువుతారు, అదీ ప్రింటు తీసి కంప్యూటరు పక్కన గోడకు అంటించుకుని చదువుతారు కాబట్టి పీడీఎఫ్ తప్పనిసరి. రెండోవారు లైబ్రరీని తమ ప్రోగ్రాముల్లో వాడుకునేవారు. వీరికి ఇంగ్లీషు సరిపోతుంది. ఇవి చాలవన్నట్టు, ఒక లినక్స్ డిస్ట్రిబ్యూషన్ కోసం ప్యాకేజీ తయారుచేస్తున్న ఆయన మ్యాన్ పేజీ (కమాండ్ కిటికీలోనే తెరిచి చదివే సహాయ పేజీ) కూడా ఉండాలని అడిగారు.

మార్క్‌డౌన్, రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్, ఆస్కీడాక్ అని మూడు రాత ఫార్మాట్ల పేర్లు మా మధ్య తిరుగుతున్నాయి. వీటిలో దేన్ని పట్టుకోవాలి? ఇంగ్లీషు పాఠం మారినప్పుడల్లా తెలుగు ప్రతి వెనకబడిపోకుండా ఏం చేయాలి? రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌ను ఒకసారి ప్రయత్నించి చూశాను గాని మొదటి మెట్టు మీదే జారాను. "తెలుగు" అని శీర్షిక రాసి, మూడక్షరాలే కదా అని దాని కింద మూడు సమాన గుర్తులు పెట్టాను. అది శీర్షికగా మారలేదు, గుర్తులతో సహా మామూలు పేరాలాగా అచ్చయింది. ఇంగ్లీషు శీర్షికలకు రాని ఈ ఇబ్బంది తెలుగుకే ఎందుకు వచ్చిందో అర్థం కాలేదు.

రేపల్లె రూట్

అక్షరకూలీ గారూ, ముందు ఆ మూడు గుర్తుల సంగతి చెప్పి, తర్వాత అసలు విషయానికి వస్తాను. "తెలుగు" కంటికి మూడక్షరాలే అయినా యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌ను చదివే డాక్‌యుటిల్స్ శీర్షిక వెడల్పును లెక్కించేటప్పుడు ఈ గుణింతపు గుర్తులకు కూడా తలా ఒక గడి కేటాయిస్తుంది. కింది గీత శీర్షిక కంటే పొట్టిగానూ నాలుగు గుర్తుల లోపుగానూ ఉంటే దాన్ని శీర్షికగా చూడకుండా మామూలు పాఠంగా వదిలేస్తుంది. నాలుగైదు గుర్తులు పెట్టి ఉంటే శీర్షికగానే తీసుకునేది గాని, గీత పొట్టిగా ఉందని హెచ్చరించేది. గీత పొడుగెక్కువైతే మాత్రం దానికి ఏ అభ్యంతరమూ లేదు కాబట్టి, నేను లెక్కపెట్టడం మానేసి ప్రతి శీర్షిక కిందా అరవై గుర్తులు పెట్టేస్తాను. గీతలతో గీసే పట్టికలకూ ఇదే తంటా: తెరమీద నిలువు గీతలు వరుసగా ఉన్నట్టు కనిపించినా డాక్‌యుటిల్స్ లెక్కలో అవి తప్పి ఉంటాయి. తెలుగు పట్టికలను జాబితా రూపంలో రాసే డైరెక్టివ్ (ప్రత్యేక ఆదేశం) తోనే రాయడం మంచిది.

ఇక ఫార్మాటు విషయం. పెద్ద ప్రాజెక్టులు ఏ దారిన నడిచాయో చూస్తే కొంత తెలుస్తుంది. లినక్స్ కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో ఒక భాగం చాలా ఏళ్ళు డాక్‌బుక్ అనే ట్యాగుల ఫార్మాటులో ఉండేది. 2016లో 4.8 వెర్షన్ నుంచి దాన్ని స్ఫింక్స్ అనే డాక్యుమెంటేషన్ పనిముట్టుకూ రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌కూ మార్చడం మొదలుపెట్టారు. ఫ్రీబీఎస్‌డీ వారు 2021లో డాక్‌బుక్ నుంచి ఆస్కీడాక్‌కు మారారు. డాక్‌బుక్‌తో చేయలేని పనంటూ ఏమీ లేదు. సూచికలు, అధస్సూచికలు, పుస్తకానికి కావలసిన హంగులన్నీ అందులో ఉన్నాయి. అయితే ఒక వాక్యంలో అచ్చుతప్పు దిద్దడానికి వచ్చిన మనిషి ముందు పది ట్యాగులు దాటాలి, ఆ పైన బిల్డ్ కోసం నాలుగు పనిముట్లు ఎక్కించుకోవాలి. అంత శ్రమ పడేవారు ఏ ప్రాజెక్టుకైనా కొద్దిమందే దొరుకుతారు. మీరు ఐదుగురే కనుక ఈ లెక్క మీకు మరింత ముఖ్యం.

మార్క్‌డౌన్ రాయడం తేలికే గాని, అది ఒక్క భాష కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి. 2004లో వచ్చినప్పటి వివరణలో సందిగ్ధాలు ఎక్కువ కావడంతో 2014లో కామన్‌మార్క్ పేరుతో కట్టుదిట్టమైన నిర్వచనం మొదలైంది. ఆ నిర్వచనంలో కూడా పట్టికలు లేవు, గమనిక పెట్టెలు లేవు, ఒక పేజీ నుంచి మరో పేజీలోని శీర్షికకు పేరుతో లంకె వేసే పద్ధతి లేదు. వీటిని ప్రతి పనిముట్టూ తన సొంత రీతిలో చేర్చుకుంది. ఒక పనిముట్టు కోసం రాసిన మార్క్‌డౌన్‌ను మరోదానికి తీసుకువెళితే, సరిగ్గా ఆ చేర్పులున్న చోటల్లా చేతితో దిద్దుకోవలసి వస్తుంది.

నా సలహా స్ఫింక్స్. పైథాన్ డాక్యుమెంటేషన్ కోసమే 2008లో పుట్టిన పనిముట్టు కనుక మీ లైబ్రరీలోని డాక్‌స్ట్రింగులను (కోడులోనే రాసే వివరణలను) అదే తీసుకుని రిఫరెన్సు పేజీలు తయారుచేస్తుంది. రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ మీకు ఇబ్బందిగా ఉంటే మిస్ట్ అనే పొడిగింపు ఉంది. దానితో మార్క్‌డౌన్‌లో రాస్తూనే స్ఫింక్స్ లంకెలనూ డైరెక్టివ్‌లనూ వాడుకోవచ్చు. శీర్షిక కింద గీతల బాధ అప్పుడు ఉండనే ఉండదు.

అనువాదం వెనకబడకుండా చూడటంలోనే స్ఫింక్స్ అసలు బలం ఉంది. అది ఇంగ్లీషు పాఠాన్ని పేరాలుగా విడదీసి గెట్‌టెక్స్ట్ అనే అనువాద పద్ధతికి చెందిన పీఓ ఫైళ్ళలో పెడుతుంది. ప్రతి పేరా కింద తెలుగు రాసుకుంటూ పోవాలి. మీరు ఏదో ఒక ఆప్షన్ పేరును ఫాంట్ నుంచి మ్యాప్‌కు మార్చారనుకోండి. తెలుగు పేజీలు విడి ఫోల్డరులో నకళ్ళుగా ఉంటే, ఆ మార్పును అక్కడ కూడా చేయాలని ఎవరికో గుర్తుండాలి. గుర్తులేకపోతే ప్రెస్సులో కూర్చున్న మనిషి పాత కమాండునే టైపు చేసి, ఎర్రర్ చూసి, తనదే పొరపాటనుకుంటాడు. పీఓ పద్ధతిలో ఆ పేరా అనువాదం మీద ఫజీ (మళ్ళీ సరిచూడాలి) అని ముద్ర పడుతుంది, స్ఫింక్స్ ఆ ఒక్క పేరాను తెలుగుకు బదులు కొత్త ఇంగ్లీషులో చూపిస్తుంది. తెలుగు పేజీ నడుమ ఇంగ్లీషు పేరా చూడటానికి బాగుండదు, నిజమే. కానీ అందులోని కమాండు పనిచేస్తుంది. పైథాన్ వారి అనువాదాలు ఈ పీఓ ఫైళ్ళతోనే నడుస్తున్నాయి.

పాత కంపోజిటర్

రేపల్లె రూట్ గారు చెప్పినవన్నీ సరైనవే గాని, వాటికంటే ముందు తేల్చుకోవలసినది ఒకటి మిగిలిపోయింది. అక్షరకూలీ గారు తమ పాఠకులు రెండు రకాల వారని ఎంతో స్పష్టంగా చెప్పారు. అటువంటప్పుడు ఇద్దరికీ ఒకే పుస్తకం రాసి, దాన్ని రెండు భాషల్లో ఇవ్వాలని మనం ఎందుకు అనుకుంటున్నాము?

నేను ఇరవై ఏళ్ళకు పైగా కంపోజింగు చేసినవాడిని. నా దగ్గర ఒక పాత నవల ఫైలు ఉంటే నాకు కావలసిన సమాచారం ఇది: ఈ ఫైలు అను ఫాంట్లలో ఏ వెర్షన్‌తో చేసినదో ఎలా గుర్తుపట్టాలి, పేజ్‌మేకర్ నుంచి పాఠాన్ని ఎలా బయటికి తీయాలి, మార్చాక ఏ అక్షరాల దగ్గర తప్పులు రావచ్చు, ప్రూఫు ఎక్కడ జాగ్రత్తగా చూడాలి. లైబ్రరీ వాడేవారికి వీటిలో ఒక్కటీ అక్కర్లేదు. ఫలానా ఫంక్షనుకు ఏమి ఇవ్వాలి, అది ఏమి తిరిగి ఇస్తుంది, ఎప్పుడు ఎక్సెప్షన్ విసురుతుంది అన్నవి వారికి కావాలి. నాకు వాటితో పనిలేదు. ఇద్దరికీ ఉమ్మడిగా పనికివచ్చేది ఇన్‌స్టాల్ చేసే పేజీ ఒక్కటే, అదీ సగమే, ఎందుకంటే నేను విండోస్ మనిషిని.

అందుచేత ప్రెస్సు వారి మార్గదర్శిని మొదటినుంచీ తెలుగులోనే పుట్టాలి. అది దేనికీ అనువాదం కాకపోతే వెనకబడే ప్రసక్తే ఉండదు. ఇంగ్లీషు రిఫరెన్సు డాక్‌స్ట్రింగుల నుంచి వస్తుంది. దాన్ని తెలుగు చేయాలన్న కోరిక ఇంతవరకూ ఎవరూ వెలిబుచ్చినట్టు లేదు. పీఓ పద్ధతికి ఇంకో చిక్కు కూడా ఉంది. పాఠం పేరాలుగా ముక్కలై అనువాదకుడి ముందుకు వస్తుంది కాబట్టి అతడు రెండు పేరాలను కలపలేడు, ముందు చెప్పవలసినది వెనక్కు జరపలేడు. ఇంగ్లీషు ఏ వరుసలో చెప్పిందో ఆ వరుసలోనే తెలుగు నడవాలి. అలా తయారైన తెలుగు పేజీలను చదవలేక వదిలేసి ఇంగ్లీషే చదువుకున్న సందర్భాలు నాకు ఉన్నాయి.

పీడీఎఫ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. నేను పనిచేసిన ఒక చోట నలభై పేజీల సూచనల పుస్తకాన్ని ఇటువంటి పనిముట్టుతోనే పీడీఎఫ్ చేసి, తెరమీద మొదటి పేజీ మాత్రం చూసుకుని అచ్చుకు పంపేశారు. మొదటి పేజీలో పేరు, బొమ్మ తప్ప ఏమీ లేవు. లోపలి పేజీల్లో "ముద్రణ" అన్న మాట దకారానికి పొల్లు పెట్టి పక్కన రకారం రాసినట్టు, "అక్షరం" కకారానికి పొల్లు పెట్టి పక్కన షకారం రాసినట్టు పడ్డాయి. ఒత్తన్నది పుస్తకం మొత్తంలో ఒక్కటి లేదు. కాగితం ఖర్చు పోయింది సరే, ఆ పుస్తకం పట్టుకుని నన్ను ఆటపట్టించనివారు లేరు.

కారణం ఏమిటంటే, తెలుగు అక్షరాలను ఫాంటు నుంచి వరుసగా తీసి పేర్చితే సరిపోదు. ఒత్తులనూ గుణింతాలనూ కూర్చే షేపింగ్ అనే దశ ఒకటి ఉండాలి, ఆ దశ అన్ని పీడీఎఫ్ పనిముట్లలో లేదు. ఆస్కీడాక్ భాషగా నాకెంతో ఇష్టం, కోడు మార్పులను నమోదుచేసే గిట్ మ్యాన్ పేజీలు రాసేది కూడా అందులోనే. కానీ ఆస్కీడాక్‌ను బిల్డ్ చేసే ఆస్కీడాక్టర్ వారి పీడీఎఫ్ పనిముట్టు ప్రాన్ అనే లైబ్రరీ మీద ఆధారపడింది, ప్రాన్‌లో తెలుగుకు కావలసిన షేపింగ్ లేదు. స్ఫింక్స్ మామూలుగా పిలిచే పీడీఎఫ్‌లేటెక్ అనే పేజీ కూర్పు ఇంజనుతో కూడా తెలుగు రాదు. సెట్టింగుల్లో ఇంజనును జీలేటెక్‌కో లువాలేటెక్‌కో మార్చి, నోటో వంటి తెలుగు ఫాంటును పేర్కొని, దానితోపాటు స్క్రిప్టు తెలుగు అని కూడా చెప్పాలి. ఈ చివరి మాట మరిచిపోతే ఫాంటు సరైనదే ఉన్నా ఒత్తులు కూడవు. లేటెక్ జోలికి పోవడం ఇష్టం లేకపోతే వీజీప్రింట్ ఉంది. అది హెచ్‌టీఎమ్ఎల్ పేజీని తీసుకుని పాంగో, హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీల సాయంతో అక్షరాలు కూర్చుతుంది కనుక ఒత్తులు సక్రమంగా పడతాయి. ఏ పనిముట్టు తీసుకున్నా ముందుగా "క్ష్మ, స్త్ర, ర్క, జ్ఞ" అని ఒక వరుస రాసి పీడీఎఫ్ తీసి చూడండి. ఆ వరుస నిలబడితే పుస్తకం నిలబడుతుంది.

మ్యాన్ పేజీకి పెద్ద ఏర్పాట్లు ఎందుకు? మీది ఒకే ఒక్క కమాండు. చేతితో ఒక పేజీ రాసి రిపాజిటరీలో (కోడు ఉంచే చోట) పెట్టండి. స్ఫింక్స్ కూడా మ్యాన్ పేజీలు తీయగలదు గాని, ఒక్క పేజీ కోసం దాన్ని అమర్చే లోపు రాయడమే అయిపోతుంది.

బిల్డ్‌భయం

పెద్దలిద్దరూ చెప్పినదానికి నేను చేర్చేది రెండు సంగతులే. రెండూ తెలుగు వెబ్ పేజీలకు మాత్రమే వచ్చేవి, సైటు అందరికీ తెరిచాక గాని బయటపడనివి.

మొదటిది వెతుకులాట. స్ఫింక్స్‌లో తెలుగుకు విడిగా వెతికే పద్ధతి లేకపోవడంతో, అది పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో (పాఠంలో నమూనాలను పట్టే సూత్రాల్లో) మాటలోని అక్షరాలకు ఉన్న గుర్తుతో పాఠాన్ని విడగొడుతుంది. పైథాన్ దృష్టిలో గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న అక్షరాలు కావు. అందువల్ల ప్రతి గుణింతం దగ్గరా మాట తెగిపోతుంది. "లిపి" అని వెతికితే లకారం, పకారం అనే రెండు ముక్కలు మిగులుతాయి. "లోపం" అని వెతికినా మిగిలేవి సరిగ్గా ఆ రెండు ముక్కలే. లిపుల గురించి రాసిన ప్రాజెక్టులో లిపికీ లోపానికీ తేడా తెలియని వెతుకులాట పెట్టడం బాగుండదు కదా! దీన్ని సరిచేయడం కష్టం కాదు. కాన్ఫిగరేషన్ ఫైలులో ఒక చిన్న క్లాసు రాసి, యూనికోడ్‌లోని తెలుగు పరిధి మొత్తాన్నీ మాటలో భాగంగా పరిగణించమని చెప్పాలి. బ్రౌజరు వైపు వెతికే జావాస్క్రిప్టుకు కూడా అదే మాట విడిగా చెప్పాలి. ఒకవైపే చేసి ఊరుకుంటే రెండు వైపులా ముక్కలు కలవక, వెతికిన మాటలు చాలావరకు దొరకవు. ఎమ్‌కేడాక్స్ వంటి వేరే డాక్యుమెంటేషన్ పనిముట్లు వాడే లన్ర్ వెతుకులాటకు విడి భాషా ఫైళ్ళున్నాయి, వాటిలో తెలుగూ ఉంది. ఈ ఒక్క విషయంలో ఆ దారి సుఖం.

రెండోది శీర్షికల లంకెలు. ఇంగ్లీషులో ఇన్‌స్టలేషన్ అనే శీర్షికకు అదే పేరుతో లంకె తయారవుతుంది. తెలుగు శీర్షికలకు స్ఫింక్స్ ఐడీ1, ఐడీ2 అని వరుస సంఖ్యలు ఇస్తుంది. ఎమ్‌కేడాక్స్ కూడా అండర్‌స్కోరు తగిలించి ఒకటి, రెండు అనే ఇస్తుంది. మధ్యలో ఒక కొత్త శీర్షిక చేర్చిన రోజున ఆ కింది లంకెలన్నీ ఒక్కొక్క మెట్టు జరుగుతాయి, బయట ఎవరో మీ ఆరో శీర్షికకు ఇచ్చిన లంకె ఐదోదానికి పోతుంది. ఎమ్‌కేడాక్స్‌లో యూనికోడ్ పేర్లను ఉంచే ఏర్పాటు ఉంది గాని, అదీ పైన చెప్పిన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ గుర్తునే వాడుతుంది కాబట్టి "స్థాపన" కాస్తా "సథపన" అవుతుంది. ప్రతి శీర్షికకూ మీరే ఒక లేబుల్ పెట్టుకోవడం ఉత్తమం.

అక్షరకూలీ

ముగ్గురికీ ధన్యవాదాలు. రెండు శనివారాలు వెచ్చించి మీరు చెప్పినవన్నీ చేసి చూశాను కాబట్టి ఏమి తేలిందో రాస్తున్నాను.

పాత కంపోజిటర్ గారి మాట మా అందరికీ నచ్చింది. అనువాదం వెనకబడుతోందని ఏడాదిగా మేము పడుతున్న బాధ, అసలు అనువదించనవసరం లేనిదాన్ని అనువదించబోవడం వల్ల వచ్చినదేనని ఇప్పుడు అర్థమైంది. వికీలో ఉన్న తెలుగు పేజీలను తీసి చూస్తే, వాటిలో సగం ఫంక్షన్ల వివరణలే. వాటిని తొలగించాము. ఎవరూ అడగలేదు, అడుగుతారని కూడా నేను అనుకోవడం లేదు. ఇప్పుడు రిపాజిటరీలో రెండు ఫోల్డర్లు ఉన్నాయి: తెలుగు మార్గదర్శిని ఒకదానిలో, ఇంగ్లీషు రిఫరెన్సు మరోదానిలో. రెండూ స్ఫింక్స్‌తోనే బిల్డ్ అవుతాయి, రెండింటిలోనూ రాత మిస్ట్ మార్క్‌డౌన్‌లోనే. ఇన్‌స్టాల్ పేజీ ఒక్కదానికి మాత్రం పీఓ పద్ధతి ఉంచాము, ఎందుకంటే కమాండులు మారేది అక్కడే. వికీని మూసేశాము. రీడ్‌మీ అరవై వరుసలకు తగ్గింది.

మార్క్‌డౌన్ వైపు మొగ్గడానికి కారణమైన సంఘటన ఒకటి చెప్పాలి. మార్గదర్శిని ముసాయిదాను ఒక ప్రెస్సులో పనిచేసే మిత్రుడికి చూపించాను. ఆయన గిట్ అన్న పేరు అంతవరకూ విననేలేదు. బ్రౌజరులోనే ఫైలు తెరిచి, "మీరు క్వార్క్ ఫైళ్ళ సంగతి రాయలేదు" అంటూ మూడు పేరాలు చేర్చి, నా అచ్చుతప్పులు ఐదు దిద్ది పంపారు. అదే ఫైలు రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ వెర్షన్‌ను కూడా ఆయన ముందు పెట్టాను. రెండు చుక్కలు, మళ్ళీ రెండు చుక్కలు చూసి, ఇది ప్రోగ్రాము కదా, నేను ముట్టుకోను అన్నారు.

పీడీఎఫ్ కోసం మార్గదర్శినిని ఒకే హెచ్‌టీఎమ్ఎల్ పేజీగా బిల్డ్ చేసి వీజీప్రింట్‌కు ఇస్తున్నాము. క్ష్మ, స్త్ర, ర్క, జ్ఞ నాలుగూ నిలబడ్డాయి. ఆ వరుసను పుస్తకం చివరి పేజీలోనే శాశ్వతంగా ఉంచేశాము, ప్రింటు తీసుకున్నవారు కూడా చూసుకుంటారని. వెతుకులాటకు బిల్డ్‌భయం గారు చెప్పిన క్లాసు ముప్ఫై వరుసల లోపే అయింది, లిపీ లోపమూ విడివిడిగా దొరుకుతున్నాయి. అయితే ఒక కొత్త చిక్కు వచ్చింది. "సాఫ్ట్‌వేర్" అని వెతికితే కొన్ని పేజీలు వస్తున్నాయి, కొన్ని రావడం లేదు. రాని పేజీల్లోనూ ఆ మాట నా కంటికి అలాగే కనిపిస్తోంది.

బిల్డ్‌భయం

అది టకార పొల్లు తర్వాత వచ్చే జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని సంకేతం) పని అయి ఉంటుంది. కొందరి కీబోర్డు దాన్ని పెడుతుంది. పెట్టని చోట "సాఫ్ట్వేర్" అని వకారం ఒత్తుగా పడాలి, కానీ కొన్ని ఫాంట్లలో ఆ తేడా పైకి అంతగా తెలియదు. అది తెలుగు పరిధి బయటి సంకేతం కనుక, మీరు రాసిన క్లాసు దాని దగ్గర మాటను రెండుగా తెంపుతోంది. పాఠాన్ని విడగొట్టే ముందే ఆ సంకేతాన్ని తీసేయండి, వెతికేవారు టైపు చేసిన మాట నుంచి కూడా తీసేయండి. మూల ఫైళ్ళలో మాత్రం దాన్ని ముట్టుకోకండి. తీసేస్తే అచ్చులో వకారం ఒత్తై కూర్చుంటుంది, పాత కంపోజిటర్ గారు ఊరుకోరు.